మూగజీవి చెవి - యజమాని బాధ్యత

 

అల్లాహ్‌కు స్తోత్రం. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ఈ నెల ప్రసంగాంశం కొందరికి వింతగా తోచవచ్చు. గుర్రం చెవిలో పుట్టే పులిపిర్ల గురించి, వాటి వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. గుర్రమే లేని మన ఇళ్ళకు ఇదెందుకని అనుకోకండి. మేక, కోడి, పిల్లి, ఏదో ఒక ప్రాణి మన చేతి కింద ఉండనే ఉంటుంది.

సికింద్రాబాద్‌లో ఒక జుమా నమాజు తరువాత ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. బారాత్‌లకు గుర్రాలు తిప్పే కుటుంబం వారిది. ఆయన తాత ఒకప్పుడు రైల్వే స్టేషను ముందు జట్కా తోలేవాడట. "మౌలానా సాబ్! మా ఆడగుర్రం చెవుల్లో తెల్లగా ఏదో పట్టింది. నజర్ తగిలిందంటున్నారు. ఒక తావీజు రాసివ్వండి" అన్నాడు.

"ఇంతవరకు ఏం చేశారు చాచా?" అని అడిగాను. ఎవరో చెబితే ఆ తెల్లటి పొక్కులను చాకుతో గీకారట. రక్తం కారింది. దానిపై సున్నం రాశారట. అప్పటి నుండి ఆ గుర్రం చెవి ముట్టనివ్వదు, కళ్ళెం వేయనివ్వదు. మొన్న ఒక పెళ్ళిలో బ్యాండు, మర్ఫా మోగుతుండగా ఎవరో పూలదండ సరిచేయబోయి దాని చెవికి చెయ్యి తగిలించారు. అది ముందు కాళ్ళు పైకెత్తి లేచింది. పెళ్ళికొడుకు జారి కింద పడ్డాడు. అల్లాహ్ దయ వల్ల దెబ్బలతో బయటపడ్డాడు. ఇప్పుడు ఇంకొకాయన కాల్చిన ఇనుముతో వాత పెడితే పోతుందంటున్నాడట. "ఆ ఒక్క గుర్రం మీదే మా ఇల్లు నడుస్తోంది" అంటూ చాచా కళ్ళు తుడుచుకున్నాడు.

నేను పశువైద్యుణ్ణి కాను. ఆ రోజు నేను చెప్పింది ఒక్కటే. డాక్టరు చూసేవరకు వాత వద్దు, చాకు వద్దు. ఆ తరువాత మేమిద్దరం కలిసి ఒక పశువైద్యుణ్ణి తబేలాకు తీసుకువచ్చాము. ఆయన మాకు చెప్పిందే మీకు చెబుతున్నాను.

చెవి లోపలి వైపున తెల్లగా, పొలుసుల్లా లేచే ఈ మచ్చలకు కారణం ఒక వైరసు. మనుషుల చేతులపై పులిపిర్లు పుట్టించే వైరసులు, ఇదీ ఒకే కుటుంబానికి చెందినవి. అయితే గుర్రాలకు వచ్చేది వేరు రకం. నల్లని చిన్న కుట్టే ఈగలు దీన్ని ఒక గుర్రం నుండి మరో గుర్రానికి మోస్తాయని వైద్యులు భావిస్తున్నారు. పారే నీటిలో పుట్టి, ముఖ్యంగా తెల్లవారుజామున, సాయంత్రం పూట పశువుల చెవుల్లో దూరి కుట్టే ఈగలవి.

ఈగ రోగాన్ని మోయడమేమిటని చాచా అడిగాడు. ఈ మాట సికింద్రాబాద్ వాసి అడగడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది ఈ ఊళ్ళోనే కదా! ఆ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పని చేసిన భవనం బేగంపేటలో ఉంది.

పశువుల చర్మరోగం గురించి ప్రవక్త (స) సన్నిధిలో కూడా ఒకసారి ప్రస్తావన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న తన ఒంటెల మందలో గజ్జి ఒంటె ఒకటి చేరితే అన్నిటికీ అంటుకుంటోందని ఒక పల్లెవాసి విన్నవించాడు. మరి మొదటిదానికి ఎవరు అంటించారని ఆయన (స) ఎదురు ప్రశ్నించారు. అదే ప్రవక్త (స) రోగమున్న ఒంటెలను ఆరోగ్యవంతమైన వాటి దగ్గరకు తోలవద్దని కూడా ఆదేశించారు. ఈ రెండూ సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో ఉన్నాయి. రోగం తనంతట తాను శక్తి గలది కాదు, అంతా అల్లాహ్ చిత్తమే. కాని కారణాలను కూడా ఆయనే పెట్టాడు గనుక జాగ్రత్త పడటం మన పని. ధర్మపండితులు ఈ రెంటినీ ఇలాగే సమన్వయపరిచారు.

ఇక వైద్యం. ముందు డాక్టరు చెప్పిన మాట మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. చాలా గుర్రాలకు ఈ మచ్చల వల్ల నొప్పే ఉండదట! చూడటానికి బాగుండవు, అంతే. నొప్పి పుట్టేది ఈగలు కుట్టడం వల్ల, లేదా మనిషి గీకడం వల్ల. చిన్న వయసు గుర్రాల మూతిపై వచ్చే పులిపిర్లు కొన్ని నెలల్లో వాటంతట అవే రాలిపోతాయి. చెవి మచ్చలు మాత్రం సాధారణంగా అలా పోవు. అయినా గుర్రానికి బాధ లేకపోతే వాటిని ముట్టకుండా వదిలేయడమే మంచిదని చాలామంది వైద్యుల అభిప్రాయం.

ఒక మందు ఉంది. దాని పేరు ఇమిక్విమాడ్. మనుషుల్లో కొన్ని రకాల పులిపిర్లకు వాడే పూత మందు అది. వైరసును నేరుగా చంపదు, శరీరం లోపలి రక్షణ శక్తిని అక్కడికి పిలుస్తుంది. అమెరికాలో పశువైద్యులు 16 గుర్రాల చెవులపై దీన్ని ప్రయోగించి 2010లో ఫలితాలు ప్రకటించారు. మచ్చలు పోయాయి. కాని వైద్యానికి నెలలు పట్టింది. పూసిన చోట వాపు, మంట, పొక్కులు వస్తాయి. కొన్ని గుర్రాలకు మత్తు సూది ఇవ్వకుండా మందు రాయడమే సాధ్యం కాదు. రాసేవాడు చేతి తొడుగులు వేసుకోవాలి. కనుక గుర్రం నిజంగా బాధపడుతుంటేనే, అదీ వైద్యుని చేతి మీదుగానే ఈ మందు వాడాలి.

ఇంకొక హెచ్చరిక. చెవిలో కనిపించే ప్రతి పొక్కూ ఇది కాదు. పిడుదులు, గజ్జి పురుగులు, బూజు తెగులు ఉండవచ్చు. సార్కాయిడ్ అనే కణితి కూడా కావచ్చు. అది ఆవుల పులిపిరి వైరసు వల్ల గుర్రాలకు వస్తుంది. దాన్ని సగం కోసి వదిలితే మరింత ఉధృతంగా పెరగవచ్చు. చాకు పట్టుకున్నవాడికి ఈ తేడా తెలుసా? వైద్యం తెలియకుండానే వైద్యం చేసినవాడు, దానివల్ల జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని అబూ దావూద్‌లోని హదీసు చెబుతోంది. మన వీధుల్లో ఉచిత సలహాలిచ్చే పెద్దలు ఈ హదీసును వినాలి.

ముఖంపై వాత పెట్టిన గాడిదను చూసి ప్రవక్త (స) ఎంత ఆగ్రహించారో సహీహ్ ముస్లింలో ఉంది. జకాత్ పశువులకు గుర్తు కోసం చెవిపై ముద్ర వేసిన సంగతి కూడా హదీసుల్లో ఉందని ఎవరైనా అనవచ్చు. నిజమే. అది గుర్తు కోసం. గీకి పుండు చేసిన చెవిని, ఏ రోగమో తెలియకుండా మళ్ళీ కాల్చడానికి దాన్ని ఆధారం చేసుకోకండి.

తావీజు మాటకు వస్తాను. ఒక ప్రయాణంలో ఒంటెల మెడల్లోని వింటినారి తాళ్ళను తెంపివేయమని ప్రవక్త (స) మనిషిని పంపి చెప్పించారు. అబూ బషీర్ అన్సారీ (రజి) ఉల్లేఖనమిది. దిష్టి తగలకుండా ఆ తాళ్ళు కట్టేవారని ఇమాం మాలిక్ (రహ్మలై) అభిప్రాయపడ్డారు. ఖుర్ఆన్ వాక్యాలు రాసిన తావీజు గురించి పండితుల మధ్య ఉన్న చర్చలోకి నేనిప్పుడు వెళ్ళను. నేను చాచాకు తావీజు రాసివ్వలేదు. గుర్రం దగ్గర నిలబడి దుఆ చేశాను. దుఆ చేసిన నోటితోనే డాక్టరు చీటీ చదివి వినిపించాను. వైద్యం చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగితే చేయించుకోమనే కదా ఆయన (స) చెప్పింది!

ప్రవక్త (స) తన వస్త్రంతో గుర్రం ముఖాన్ని తుడుస్తూ కనిపించారని, గుర్రాల విషయంలో తనకు హెచ్చరిక వచ్చిందని ఆయన చెప్పారని ఇమాం మాలిక్ గారి ముఅత్తాలో ఉంది. ఈ ఉల్లేఖనం గుర్తొచ్చినప్పుడల్లా ఆ సున్నం రాసిన చెవి నా కళ్ళ ముందుకు వస్తుంది.

డాక్టరు ముందు గీకిన పుండు మానడానికి మందు ఇచ్చారు. పుండు మానాక చెవి లోపల వాజిలిన్ పలుచగా రాయమన్నారు. గుర్రాలకు పనికొచ్చే ఈగల మందు మాత్రమే వాడమన్నారు. తెల్లవారుజామున, సాయంత్రం తబేలా లోపలే ఉంచి ఫ్యాను పెట్టమన్నారు. గాలి వీస్తే ఆ చిన్న ఈగలు నిలవలేవట. చెవులను కప్పే వల టోపీ తొడగమన్నారు. చాచా కోడలు పాత దోమతెర కత్తిరించి రెండు టోపీలు కుట్టింది. బారాత్ నాడు దానిపైనే జరీ అంచు కుట్టి తొడిగితే అలంకారమే అనుకున్నారట జనం!

అన్నిటికంటే కష్టమైనది గుర్రం భయం పోగొట్టడం. రెండు నెలలు బారాత్‌లు ఒప్పుకోలేదు. ఇంట్లో అప్పు చేశారు. చాచా రోజూ ఫజర్ నమాజు తరువాత బెల్లం ముక్క పట్టుకుని దాని పక్కన నిలబడేవాడు. మొదటి రోజుల్లో మెడ నిమరడంతో సరి. తరువాత చెవి దగ్గరకు, తరువాత చెవి మీదకు చెయ్యి వెళ్ళింది.

మొన్న నేను వెళ్ళినప్పుడు తెల్ల మచ్చలు అలాగే ఉన్నాయి. డాక్టరు వాటిని ముట్టవద్దన్నారు, చాచా ముట్టలేదు. కళ్ళెం తీసుకుని ఆయన దగ్గరకు వెళ్ళగానే ఆ గుర్రం తనంతట తానే తల వంచింది.