ఆ దెబ్బ ఎవరిది?

నలుగురు కలిసి గెలిచినప్పుడు ఆ గెలుపులో మీ వాటా ఎంతో లోలోపల లెక్క వేసుకుంటారా? తొందరపడి లేదనకండి. నేనూ లేదనే అనుకునేవాణ్ణి.

మా అశ్వారావుపేటలో మేమెవరం గోల్ఫ్ ఆడినవాళ్ళం కాదు. మా చుట్టూ పామాయిల్ తోటలు, వాటి అవతల అడవి. హైదరాబాదులో ఉద్యోగం చేసే మిత్రుడొకడు పండక్కి వచ్చి, గోల్ఫులో జట్లుగా ఆడే ఒక పద్ధతి చెప్పాడు. స్క్రాంబుల్ అంటారు. జట్టులో నలుగురూ కొడతారు. బాగా పడ్డ బంతిని ఎంచుకుని, మిగతా మూడూ తీసేసి, అందరూ అక్కడి నుంచే మళ్ళీ కొడతారు. బంతి గుంటలో పడేదాకా ఇంతే. "గోటీబిళ్ళతో ఆడి చూద్దాం రా" అన్నాడు. చిర్రాగోనె అన్నా అదే. సరిహద్దు ఊరు కదా, మా దగ్గర రెండు పేర్లూ నడుస్తాయి.

ఇది నిన్న మొన్నటి ఆట కాదు. దీఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తంలో భిక్షువులు మానుకునే ఆటల పట్టిక ఉంది. అందులోని 'ఘటిక' అంటే పొడుగు కర్రతో పొట్టి కర్రను కొట్టే ఆటేనని అట్టకథ చెబుతుంది. ఆ నియమం భిక్షువులకు. మనం గృహస్థులం, ఆడుకోవచ్చు. అయితే ఆడేటప్పుడు మనసు ఏం చేస్తోందో చూసుకోవడం మనకూ ఉంది.

కోత అయిపోయిన చేను. గట్టు మీది వేపచెట్టు గురి. తక్కువ దెబ్బల్లో చెట్టును చేరిన జట్టుది గెలుపు. మేం గెలిచాం. మా జట్టులో పెద్దవాడు, మేమంతా అన్నా అని పిలిచే మనిషి, ప్రతిసారీ ముందు కొట్టాడు. బిళ్ళ ఇరవై అడుగులు పోయేది, కానీ తిన్నగా పోయేది. ఆయన బిళ్ళను మేం ఒక్కసారీ ఎంచుకోలేదు. నాది ఐదుసార్లు ఎంచుకున్నాం. ఐదని ఎలా తెలుసంటారా? లెక్కపెట్టాను. నోరు "మనం గెలిచాం" అంటుంటే మనసు ఐదు అంటోంది.

తర్వాతి ఆదివారం అన్న రాలేదు. మోకాలు నొప్పని కబురు చేశాడు.

ధమ్మంలో దీన్ని మానం అంటారు. నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ – ఈ మూడూ మానమే. 'తక్కువ' అనుకోవడం కూడా అందులోదేనని విన్నప్పుడు మొదట ఆశ్చర్యపోయాను. నా ఐదూ, అన్న మోకాలూ ఒకే తీగకు కాసిన కాయలేమో. అర్హంతుడయ్యేదాకా ఇది పూర్తిగా పోదంటారు. అందుకని చూడ్డం మానేస్తామా?

చూస్తే ఇంకోటి కనబడింది. గోటీబిళ్ళలో దెబ్బ తప్పిపోవడం మామూలే. నలుగురిదీ తప్పితే ఆ వంతు వృథా. అన్న బిళ్ళ తిన్నగా పడి ఉండబట్టే నేను భయం లేకుండా బలమంతా పెట్టి కొట్టాను. నావి పొదల్లోకి పోయినవీ ఉన్నాయి, వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు, నేనూ పెట్టలేదు. అది ఉండబట్టి ఇది. పటిచ్చసముప్పాదం చదివి తలాడించిన మనిషినే, చేలో మాత్రం మర్చిపోయాను.

కొన్ని గోల్ఫ్ పోటీల్లో ప్రతి ఒక్కరి దెబ్బనూ కనీసం ఇన్నిసార్లు వాడాలని నియమం పెడతారట. మావాళ్ళు అదే పెడదామన్నారు. పెట్టొచ్చు. సమానత్వం నియమంతో కొంత వస్తుంది. కానీ బాబాసాహెబ్ అంబేడ్కర్ స్వేచ్ఛ, సమానత్వంతో ఆగలేదు, సోదరభావమూ కావాలన్నాడు. ఆ మూడింటినీ ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుని బోధ నుంచే తీసుకున్నానన్నాడు. "ఈసారి అన్నది వాడాలి కాబట్టి వాడదాం" అని నేను మొహం అదోలా పెట్టి అంటే నియమం నిలబడుతుంది, అన్న నిలబడడు.

గోసింగ వనంలో అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు కలిసి ఉన్న తీరు మజ్ఝిమనికాయంలో ఉంది. భిక్ష నుంచి ముందొచ్చినవాడు ఆసనాలు వేస్తాడు, ఆఖరున వచ్చినవాడు చోటు ఊడుస్తాడు. ఖాళీ కుండ ఎవరి కంటబడితే వాళ్ళే నీళ్ళు పెడతారు. ఎవరెన్నిసార్లు ఊడ్చారో అక్కడ రాసి లేదు.

నిన్న సాయంత్రం అన్న ఇంటికెళ్ళాను. "నా బిళ్ళతో మీకేం పనిరా?" అన్నాడు. నాకు తెలిసిందంతా చెప్పాను, ఆ ఐదు సంగతి కూడా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నవ్వి, "అయితే రేపు ముందు నువ్వు కొట్టు. నేను తర్వాత బలమంతా పెట్టి కొడతా" అన్నాడు.

సరేనన్నాను. ఇంకాసేపట్లో చేలోకి వెళ్ళాలి. నేను ఇరవై అడుగులే కొట్టాలి, తిన్నగా.