రాత్రివేళ నీరు పంచే వేరు



మంచి మాటను మంచి చెట్టుతో పోల్చిన ఉపమానం దివ్య ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీం సూరాలో ఉంది. అందులో ముందుగా వచ్చేది వేరు ప్రస్తావన, కొమ్మలు ఆ తర్వాతే. మనమేమో నీడనూ పండునూ చూసి వేరును మరచిపోతాం. ఈ నెల ఆ వేరు దగ్గరే కాసేపు ఆగుదాం.

బోట్స్వానా దేశంలోని కలహారి ఎడారిలో గొర్రెల కాపరి చెట్టు అనే ఒక చెట్టుంది. పైకి చూస్తే మామూలు చిన్న చెట్టే. కాని నీటి కోసం తవ్వినప్పుడు దాని వేర్లు 68 మీటర్ల లోతున, అంటే దాదాపు 223 అడుగుల కింద కనిపించాయి! అమెరికాలోని అరిజోనాలో, మన సర్కారు తుమ్మకు చుట్టమైన మెస్కీట్ వేర్లు ఒక గనిలో 53 మీటర్ల లోతున బయటపడ్డాయి.

అంత లోతు నుండి నీటిని పైకి లాగేదెవరు? మోటారు లేదు, కరెంటు లేదు. పగలు ఆకుల సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరైపోతుంది. నీటి కణాలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి గనుక, పైన కొంత పోయినప్పుడల్లా కింది నీటి ధార తెగకుండా పైకి సాగుతుంది. సుబ్‌హానల్లాహ్!

అసలు విచిత్రం రాత్రిపూట జరుగుతుంది. ఆకుల రంధ్రాలు మూసుకుంటాయి, పైకి లాగే బలం తగ్గుతుంది. అప్పుడు లోతు వేర్లు తెచ్చిన తడి పైవేర్లలోకి చేరి, అక్కడి ఎండిన మట్టిలోకి ఊరుతుంది. అమెరికాలోని యూటాలో సేజ్‌బ్రష్ పొదలపై పరిశోధించిన రిచర్డ్స్, కాల్డ్‌వెల్ 1987లో ఈ సంగతి ప్రకటించారు. పొద తోడిన నీటిని పక్కనున్న గడ్డి కూడా తాగుతోందని తర్వాతి ప్రయోగంలో తేలింది. వాన పడి పైమట్టి తడిస్తే ఇదే దారి తలకిందులవుతుంది. నీరు వేర్ల గుండా లోతుకు దిగుతుంది.

అయితే అతిశయోక్తి మనకు తగదు. చెట్టు ప్రతిచోటా ఇచ్చేదే ఎక్కువ అనుకోకూడదు. టాంజానియాలో తుమ్మజాతి చెట్ల కింద చేసిన పరిశోధన 2004లో వెలువడింది. అక్కడ చెట్టు గడ్డికి ఇచ్చినదానికన్నా గడ్డి నుండి లాక్కున్నదే ఎక్కువని తేలింది.

ఇక మన సంగతి. రాయలసీమలో, తెలంగాణలో బోర్లు వందల అడుగులు దిగాయి. నీటిమట్టం మెల్లగా తగ్గితే వేరు దాన్ని వెతుక్కుంటూ వెళ్లగలదు. ఒక్కసారిగా జారిపోతే అందుకోలేదు, చెట్టు ఎండుతుంది. ఆ బోరు నీటితోనే మనం వుజూ చేస్తున్నాం. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్దు నీటితో, అంటే లీటరులో మూడింట రెండు వంతులతో వుజూ ముగించేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. మన కుళాయి కింద అంతకు ఎన్ని రెట్లు పోతోందో ఈ రోజే ఒక గిన్నె పెట్టి చూడండి.

వుజూ చేసిన నీటిని మొక్కలకు పోయవచ్చా అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. నిరభ్యంతరంగా పోయవచ్చు. ఆ నీటితో మళ్లీ వుజూ చెల్లదన్నారే గాని, అది అశుద్ధమని మన ఉలమాలు ఫత్వా ఇవ్వలేదు. మస్జిద్ ఆవరణలో వేప మొక్క నాటి కాలువను అటు మళ్లించండి. మొక్క కాస్త నిలదొక్కుకున్నాక మాత్రం రోజూ చెంబెడు చల్లకండి, వేరు పైపైనే ఉండిపోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు కడివెడు, లోతుగా ఇంకేలా పోయండి.