గుండుకు టికెట్టా?

లేపాక్షికి వచ్చే బెంగళూరు వాళ్లు శని ఆదివారాలు మా చేలో దిగడం మొదలుపెట్టినాక మావాడికి ఒక ఆలోచన పుట్టింది. రెండు గదులు కట్టాం, రాగిసంగటి, ఊరుబిండి పెడుతున్నాం, వాటికి డబ్బు తీసుకుంటున్నాం. సాయంత్రం గుండెక్కి పొద్దు గూకడం చూసేవాళ్ల దగ్గర మాత్రం ఎందుకు తీసుకోకూడదని వాడి ప్రశ్న. మనిషికి యాభై రూపాయలు పెడదామన్నాడు. బడిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన దాన్ని, మాటకు మాట చెప్పడం నాకు కష్టం కాదు. ఈ ప్రశ్న మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు.

గుండంటే ఇల్లంత రాయి. దాని పక్కన ఒక చింతమాను, మాను మొదట్లో పసుపు పూసిన చిన్న బండ. అది మునీశ్వరుడు. అన్నీ కలిపి అర ఎకరం పోతుంది. పట్టాలో ఆ అర ఎకరమూ మాదే. అక్కడ చెనిక్కాయ విత్తే పని లేదు, ఎద్దు తిరగదు, ట్రాక్టరూ తిరగదు. కంకర మిషను వాళ్లొచ్చి మా మామను అడిగారు, మంచి రేటే చెప్పారు. మునీశ్వరుణ్ణి చూపించి ఆయన వద్దన్నాడు. నేనంత భక్తురాలిని కాను. అయినా ఒకటి ఒప్పుకోవాలి, ఆ పసుపు రాయి లేకపోతే గుండు ఎప్పుడో కంకరై ఏదో హైవే కిందికి పోయేది. మా సీమలో గుట్టనూ మానునూ కుంటనూ చట్టం కంటే ముందు కాపాడింది భయమే. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల మేర అల్లుకుని ఉందంటే, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిందంటే, దాని కొమ్మ మీద కత్తి వేయడానికి తరతరాలుగా చేతులు రాకపోవడం వల్లనే.

ఇంతకూ భూమి నాదనడంలో ఎంత నిజముంది? ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమే ఆ మాట దగ్గర మనల్ని ఆపేస్తుంది. కదిలే లోకమంతా ఈశ్వరుడిదే, వదులుకుంటూ అనుభవించు, పరుల సొమ్ముకు ఆశపడకు అని దాని సారం. భూదానోద్యమం నడిపిన వినోబా భావేకు ప్రాణమైన ఉపనిషత్తు అది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆయన భూమిలేనివాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చారు. తర్వాత దేశమంతా తిరిగితే లక్షల ఎకరాలు వచ్చాయి గానీ, అందులో సాగుకు పనికిరాని రాళ్లనేల చాలానే ఉంది. పనికిరాదనుకున్నప్పుడు రాయి దేవుడిది, పట్నం నుంచి చూడటానికి జనం వచ్చేసరికి నాదీ! మావాడితో ఈ మాటంటే నవ్వాడు, ఒప్పుకోలేదు.

వాడి వాదనలో పస ఉంది. "అమ్మా, ఆ అర ఎకరం పంట పోగొట్టుకున్నది మనమే కదా? ముళ్లకంపలు కొట్టేది, సీసాలు ఏరేది మనమే కదా?" అన్నాడు. ఇంగ్లండులో పొలం గట్ల మీద కంచెచెట్లనూ రాతిగోడలనూ కాపాడే రైతులకు ప్రభుత్వం డబ్బిస్తుందని ఫోనులో చదివి చెప్పాడు. సరేరా, పూర్తిగా చదువు అన్నాను. అక్కడే పొలాల మధ్య నుంచి జనం నడిచే బాటలున్నాయి. ఆ బాటన పోయేవాడు రైతుకు పైసా ఇవ్వక్కర్లేదు. రైతు బాటను దున్నినా మళ్లీ తీసి ఇవ్వాల్సిందే. ప్రభుత్వమిచ్చే డబ్బు కాపాడే కష్టానికి. చూపుకూ నడకకూ వెల లేదు. నేను వెతుకుతున్న గీత అక్కడ దొరికింది.

అన్నం అమ్ముకోవడం తప్పని నేననను. ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో రూకకు కమ్మని భోజనం పెట్టేవారని క్రీడాభిరామం చెబుతుంది. సంగటి కెలికిన చేతికి కూలి రావాలి, గది ఊడ్చిన మనిషికి రావాలి, కంపలు కొట్టినందుకూ రావాలి. డబ్బిచ్చి తినేవాణ్ణి అతిథి అని పిలిచి మోసం చేయడం ఎందుకు? వాడు బేరగాడు, మర్యాదైన బేరగాడు. గుండును మాత్రం నేను కెలకలేదు, ఊడ్చలేదు. దాని ముందు మావాడూ, బెంగళూరు పిల్లాడూ, జాతరకు మా చేనిమీదుగా పోయే పక్క ఊరివాళ్లూ అందరూ చూడవచ్చినవాళ్లే. అతిథి అన్న మాట అక్కడ చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ నేనూ అతిథినే.

జాతర బాట సంగతీ అంతే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒకరి అనుమతి మీద కాక తమ హక్కుగా ఇరవై ఏళ్లు అడ్డులేకుండా బాహాటంగా నడిస్తే ఆ దారి హక్కవుతుంది. మా మామకు ఆ చట్టం తెలియదు. అయినా బాటకు అడ్డం పోలేదు, పరిగె ఏరుకోవడానికి వచ్చిన ఆడవాళ్లను ఎప్పుడూ వెళ్లగొట్టలేదు. నాతో పనిచేసిన క్రైస్తవ టీచరమ్మ ఈ పరిగె సంగతి విని, చేని అంచులు పూర్తిగా కోయకుండా బీదలకూ పరదేశులకూ వదలమని తమ లేవీయకాండంలో ఉందని చెప్పింది. మోషే ధర్మశాస్త్రం మా మామ వినలేదు, పొలం నేర్పింది.

చిలమత్తూరు వైపు వీరాపురం మాకు దగ్గరే. ఏటా అక్కడి చింతచెట్ల మీద కొంగలు వచ్చి గూళ్లు కడతాయి. సైబీరియా కొంగలని పేపర్లు రాస్తూనే ఉంటాయి, అవి మన దేశపు పక్షులే. వాటి రాకను ఊరివాళ్లు శుభమనుకుంటారు, వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. చూడవచ్చినవాళ్లకు టీ అమ్ముకునే అంగడిని ఎవరు తప్పు పడతారు? కొంగకు టికెట్టు పెడితే మాత్రం ఆ ఊరు వేరే ఊరవుతుంది.

మావాడు చివరికి బోర్డు రాయించాడు. గదికింత, భోజనానికింత, దారి చూపే మనిషికింత అని ఉంది. గుండు పేరు అందులో లేదు. మా దగ్గర దిగకపోయినా సరే, వచ్చి ఎక్కి చూసుకోండి. ఒకటే కోరుతున్నా: వానాకాలంలో చెనిక్కాయకు ఊడలు దిగే వేళ చేలోకి అడుగు పెట్టకండి. తొక్కితే ఊడ విరుగుతుంది, కాయ రాదు. గెనిమ మీద నడవండి, అది మీకోసమే వెడల్పుగా వేయించాం.