రోగి పళ్లెంలో బిడ్డల చేయి

మేము పనిచేసే బడి ఐరాల మండలంలో ఉంది. ఒకరోజు మధ్యాహ్నం అయిదో తరగతి పిల్లవాడొకడు శెనక్కాయల ఉండలు తెచ్చి తోటిపిల్లలకు పంచుతున్నాడు. ఎక్కడివిరా అని అడిగితే, "మా నాయనకు జబ్బు డబ్బులు పడినాయి అయ్యోరా, వాటితో తెచ్చినాడు" అన్నాడు. వాళ్ల నాయనకు క్షయ. మందు మొదలుపెట్టి మూడో నెల. సాయంత్రం వాళ్ల గుడిసెకు పోయి, "ఆ డబ్బు నీ ఒంటి కోసం ఇచ్చింది, నువ్వు తినాల గదా" అన్నాము. ఆయన తల వంచుకుని, "బిడ్డలు నా నోరు చూస్తా ఉంటే నేనొక్కణ్ణే ఎట్ట తినేది అయ్యోరా?" అన్నాడు. మాకు జవాబు దొరకలేదు.

ఆ తండ్రి చేసింది తప్పా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఆ జబ్బు సంగతి తెలియాలి.

క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ 1882లో కనిపెట్టాడు. అది ఒంట్లో చేరిన ప్రతి మనిషీ జబ్బుపడడు. పదిమందిలో ఒకరికి మించి పడరు. మన రక్షక కణాలు దాన్ని మింగి, చుట్టూ గోడ కట్టి అణచిపెడతాయి. ఒంట్లో సత్తువ తగ్గితే ఆ గోడ సడలుతుంది. అందుకే శాస్త్రవేత్తలు ఇప్పుడు రెండో దారి కూడా వెతుకుతున్నారు. సూక్ష్మజీవిని చంపే మందుతో పాటు, దానికి చోటిచ్చిన ఒంటికే సాయం చేసే వైద్యం అది. మింగిన సూక్ష్మజీవిని అరిగించుకునేలా కణాలకు బలమివ్వడం, ఊపిరితిత్తులను పాడుచేసే అతివాపును తగ్గించడం దాని పని. మెదడు పొరలకు సోకిన క్షయలో మామూలు మందులతో పాటు స్టెరాయిడ్ ఇస్తే చావులు తగ్గుతాయని ఇప్పటికే తేలింది. చక్కెర జబ్బుకు వాడే మెట్‌ఫార్మిన్ వంటివి ఇంకా పరీక్షలోనే ఉన్నాయి. వాటిని ఎవరూ సొంతంగా వాడకూడదు. అసలు మందును ఒక్కరోజు కూడా మానకూడదు.

ఒంటికి సాయం చేయాలన్న ఆలోచన మన సీమకు కొత్తది కాదు. మందులు లేని కాలంలో, 1915 నుంచి, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో రోగులకు విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి ఇచ్చి చూసుకున్నారు. తర్వాత మందులొచ్చాయి. ఇంట్లో ఉండి, తక్కువ తిండితో మందు మింగినవాళ్లకూ శానిటోరియంలో ఉన్నవాళ్లతో దాదాపు సమానంగా నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన చెప్పింది. పేదలకు అది గొప్ప మేలు. ఆసుపత్రి మంచం దొరకనివాడికీ వైద్యం అందింది. అయితే మందు ఉంటే తిండి సంగతి తర్వాత చూడవచ్చనే ధీమా కూడా మనలో పెరిగింది.

ఆ ధీమాను జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో జరిగిన పరిశోధన కదిలించింది. దాని ఫలితాలు 2023లో వచ్చాయి. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది మనలాంటి ఆదివాసులే. 2,800 మంది రోగులకు మందుతో పాటు నెలనెలా తిండి సరుకులు ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో బరువు నూటికి అయిదు వంతులు పెరిగినవాళ్లలో చావు ముప్పు సుమారు 60 శాతం తక్కువగా కనిపించింది. ఇంకో పని కూడా చేశారు. సగం రోగుల ఇళ్లల్లో మిగతావాళ్లకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. ఆ ఇళ్లల్లో కొత్తగా క్షయ సోకడం సుమారు 40 శాతం తగ్గింది.

ఇప్పుడు ఆ తండ్రి దగ్గరకు వద్దాము. ప్రభుత్వం 2018 నుంచి రోగికి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇస్తోంది. అది మంచి పనే. కానీ ఆ డబ్బు రోగిని ఒక్కడిగా లెక్కపెడుతుంది. మన ఇళ్లల్లో ఒక్కడు తినడమనేది లేదు. పంచుకోవడం మన బలం. ఉన్నది చాలనప్పుడు ఆ బలమే రోగి ముద్దను తగ్గిస్తుంది. తప్పు పంచినవాడిది కాదు, ఒక్కరికి సరిపడా ఇచ్చి ఇంటికంతా ఇచ్చామనుకున్న లెక్కది.

ఇంకొక మాట. "వాడి ఒంట్లో బలం లేదు, అందుకే జబ్బు పట్టింది" అని మనమే అంటుంటాము. బలం ఎందుకు లేదని అడగము. చెరుకు కొట్టి, ఇటుక మోసి, సంగటీ ఊరుబిండీతో సరిపెట్టుకున్న ఒళ్లది. అది ఒంటి నేరం కాదు. అన్నిటికన్నా మమ్మల్ని బాధించే ప్రశ్న వేరే ఉంది. జబ్బుపడితేనే మనిషికి తిండి పెట్టాలని మనకు తోస్తుంది. దగ్గు రాకముందు ఆ పిల్లవాడి ఆకలి ఎవరి లెక్కలో ఉంది?

మందు కనిపెట్టే పని మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి ఉన్నాయి. రెండు వారాలు దాటి దగ్గేవాళ్లను కళ్లె పరీక్షకు తీసుకుపోవచ్చు. రేషన్ కార్డు లేని యానాది, ఎరుకల, సుగాలి ఇళ్లకు అర్జీలు రాసిపెట్టవచ్చు. బడి మానిన పిల్లవాణ్ణి మధ్యాహ్న భోజనం దగ్గరకు తిరిగి తేవచ్చు. అంగన్‌వాడీలో బిడ్డ పేరు ఉందో లేదో చూడవచ్చు.

మరుసటి వారం ఆ ఇంటికి మళ్లీ పోయినాము. ఈసారి "నువ్వొక్కడివే తిను" అని చెప్పలేదు. కార్డులో ఎక్కని ఇద్దరు బిడ్డల పేర్లు రాసుకుని, అర్జీ మీద ఆయన వేలిముద్ర వేయించుకుని వచ్చినాము.