ఎండిన హంసపాది

చదువవలసిన భాగములు: లూకా 13:6–9, యోబు 2:11–13



తూర్పు కనుమల అడవులలో వాగు గట్లమీదను, చెట్లనీడనున్న రాతి సందులలోను హంసపాది యను చిన్న మొక్క మొలచును. ఇది ఫెర్ను జాతిది. పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. ఆకు అడుగున అంచువెంబడి నుండు ధూళివంటి పొడితోనే దాని వంశము నిలుచును. నల్లని సన్నని కాడ, అర్ధచంద్రునివంటి చిన్న ఆకులు. కాడ కొన సాగి, వంగి, నేల తాకినచోట వేరు తన్ని మరియొక మొక్క యగును.

గట్టు విరిగి వాగులోనికి వ్రేలాడుచున్న ఒక మొక్కను తెచ్చి, ఇంటి ఉత్తరపు గోడప్రక్క మామిడి నీడలో నాటితిని. కుళ్లిన ఆకుల మన్ను, ఇసుక, కొన్ని పెంకుముక్కలు వేసితిని. వానకాలమంతయు చూడముచ్చటగా పెరిగెను. సంక్రాంతి దాటిన పిమ్మట ఆకులన్నియు ఎండెను. నేను భయపడి రెండుపూటల నీళ్లు పోసితిని, పేడ యెరువు వేసితిని. కొన్నాళ్లకు త్రవ్వి చూడగా వేరుదుంప నల్లబడి కుళ్లి యుండెను. ఎండకాలమున ఆకు విడిచి మన్నులో నిద్రించుట ఆ మొక్క స్వభావమట. దానిని చంపినది ఎండ కాదు, నా నీళ్లే. కాడ కొన తాకి మూరెడు దూరమున మొలచిన పిల్లమొక్క మాత్రము, నా చెంబు అందనందున, బ్రదికెను. తొలకరికి దానినుండి చుట్టచుట్టుకొనిన లేతరెమ్మలు లేచెను.

ప్రభువు చెప్పిన ఉపమానములో తోటమాలి అంజూరపు చెట్టునకు ఒక యేడు గడువడిగి, చుట్టు త్రవ్వి యెరువు వేయుదుననెను. మేము బోధకులము ఆ మాట నెంతో ఇష్టముగా ప్రసంగింతుము. కాని ఆ మాలి అంజూరము నెరిగినవాడు. నేను మొక్క నెరుగకయే సేవ చేసితిని.

మా సంఘములో ఒక సహోదరుడు భార్య మరణించినది మొదలు ఆరాధనకు వచ్చుట మానెను. ఒక నెలలో అయిదుమార్లు ఆయన యింటికి పోతిమి. పోయినవారందరును వాక్యము చదివిరి, పెద్ద స్వరముతో ప్రార్థించిరి, ఎందుకు రావని అడిగిరి. తుదకు ఆయన తలుపు వేసికొనెను. సంఘపుస్తకములోనుండి పేరు కొట్టివేయుదమని పెద్దలనిరి.

“ఊరకుండుట సోమరితనము కాదా? సమయమందును అసమయమందును ప్రకటింపవలెను గదా?” అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఎండినదెల్ల నిద్రించుచున్నదని నేననను. మొక్కయైతే మన్ను తొలగించి వేలితో నొక్కి చూడవచ్చును. గట్టిగా నున్నయెడల ప్రాణమున్నది. మనుష్యుని హృదయమును అట్లు నొక్కిచూచు అధికారము నాకెవరిచ్చిరి? యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనితో నేలమీద కూర్చుండిరి. వారు చేసిన సేవలో నాకు మంచిదిగా కనబడునది ఆ యేడు దినములే. నోరు తెరచిన తరువాతనే గదా వారు తప్పిరి! నీడ కల్పించి, ఎవరును త్రొక్కకుండ కాచుటయు పనియే. అయితే అది రిపోర్టులో వ్రాయుటకు వచ్చునది కాదు.

పేరు ఇంకను పుస్తకములో నున్నది. మొన్న సాయంకాలము నేనొక్కడనే పోయి ఆయన అరుగుమీద కూర్చుంటిని. బైబిలు తీయలేదు. మేకలు ఇంటికి తిరిగి వచ్చుచుండగా ఇద్దరమును చూచుచుంటిమి. ఆయన మజ్జిగ తెచ్చి యిచ్చెను. నేను లేచునప్పుడు, “వచ్చే వారం కూడా రండి, అయ్యగారూ” అనెను.