మల్లెలు పెట్టుకోని అమ్మమ్మ

బుజ్జీ,

రాత్రి ఫోన్లో నీ ఏడుపు వినపడింది గానీ మాట సగమే అర్థమైంది. పొద్దున్నే నువ్వు పంపిన డీఎన్ఏ పరీక్ష ఫలితాల ఫొటోలు మనవడి చేత పెద్దవి చేయించుకుని చూశాను. ముప్పయ్యేళ్ళు లెక్కల టీచరుగా చేసినదాన్ని, శాతాలకు జడవను.

ముందు మీ పిన్ని కూతురి సంగతి. మీ ఇద్దరికీ 25 శాతం కలిసిందనీ, ఒకే తండ్రి పిల్లలు కావచ్చనీ ఆ కంపెనీ రాస్తే మీ నాన్నను అనుమానించావు. పిచ్చిపిల్లా! మామూలుగా అక్కాచెల్లెళ్ళ పిల్లలకు సగటున కలిసేది 12.5 శాతం. కానీ మీ అమ్మా పిన్నీ తోడికోడళ్ళు కూడానాయె. అన్నదమ్ములకు అక్కాచెల్లెళ్ళనిచ్చి ఒకే పందిట్లో చేశాం. తల్లుల వైపు నుంచి 12.5, తండ్రుల వైపు నుంచి ఇంకో 12.5. వెరసి పాతిక. వేరు తల్లుల పిల్లలకూ అంతే, మేనత్తకూ మేనకోడలికీ అంతే, తాతకూ మనవరాలికీ అంతే. మేనమామను చేసుకున్న ఇళ్ళలో ఈ లెక్క ఇంకా చిక్కుపడుతుంది. మన పెళ్ళిపందిళ్ళ సంగతి ఆ మిషన్‌కు ఎవరు చెప్పారు?

దూరపు చుట్టాల జాబితా చూసి కూడా బెంగపడకు. మన దేశంలో చాలా కులాలవాళ్ళు కొద్దిమంది పూర్వీకుల నుంచి పుట్టి, తమలో తామే పిల్లనిచ్చి పుచ్చుకుంటూ వచ్చారని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికావాళ్ళతో కలిసి 2009లోనే నేచర్ పత్రికలో రాశారు. వాళ్ళందరినీ బాబాయ్ అనక్కర్లేదు.

ఇక ఆ మెల్‌బోర్న్ అమ్మాయి. ముక్కూ మొహం తెలియని పిల్లతో 12 శాతం. అదీ ఏదో పందిట్లో సర్దుకుంటుందేమోనని కాగితం మీద చాలాసేపు గీశాను. సర్దుకోలేదు. సర్దుకోదని నాకు ముందే తెలుసు.

1968లో మీ అమ్మమ్మకు మూడో కాన్పులోనూ ఆడపిల్లే. పురిటిస్నానమైన మర్నాడు ఆ పిల్లను మీ తాతయ్య స్నేహితుడి భార్య ఒళ్ళో పెట్టేశారు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ స్నేహితుడికి రైల్వేలో బదిలీ అయింది. తెనాలి స్టేషన్ దాకా పసిగుడ్డును ఎత్తుకెళ్ళింది నేనే. తిరిగొచ్చేసరికి మా అక్క జాకెట్టంతా పాలతో తడిసిపోయి ఉంది. పాలు ఇంకిపోవాలని మూడు రోజులు మల్లెపూలు కట్టాం. నీ పెళ్ళిలో అమ్మమ్మ మల్లెలు పెట్టుకోదేమని అడిగావు, గుర్తుందా?

ఆ పసిగుడ్డుకు ఇప్పుడు యాభై ఏడు దాటాయి. ఈ మెల్‌బోర్న్ పిల్ల ఆమె కూతురే అయి ఉండాలి. తను పెంపుడు బిడ్డనని ఆమెకు చెప్పారో లేదో. అందుకే, నీ అంతట నువ్వు ఆ మెల్‌బోర్న్ పిల్లకు ఏమీ రాయకు. పరీక్ష చేయించుకున్నది మీరిద్దరూ, గుట్టు బయటపడేది చేయించుకోనివాళ్ళది. ఆ పిల్లే ముందు రాస్తే మాత్రం అబద్ధమాడకు, చూడనట్టూ ఊరుకోకు. "మా అమ్మవైపు చుట్టరికంలా ఉంది, పెద్దవాళ్ళని అడుగుతున్నాను" అను. మీ అమ్మకు ఎదురుగా కూర్చుని నేనే చెప్తాను.

పెంచిన తల్లి బెజవాడలో ఉంది, ఎనభై ఆరేళ్ళు. చెప్పాలో వద్దో ముందు ఆవిడ నోట వినాలి. చెముడు కదా, ఫోనైతే వీధి వీధంతా వినేట్టు అరవాలి. ఆదివారం బస్సెక్కుతున్నాను.

మీ చిన్నమ్మమ్మ