పదకొండో నంబరు

ఓడరేవుల్లో ఎగరేసే తుపాను హెచ్చరికలు పదకొండు. పదో నంబరు దాకా అన్నీ ముప్పు ఎంతటిదో, ఎటు నుంచో చెప్పేవే. పదకొండోది వేరు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ముప్పుందని ఇక అక్కడున్న అధికారే చూసి తేల్చుకున్నాడని దాని అర్థం.

విశాఖపట్నంలో ఒక పెద్ద కంపెనీ ఉండేది. దాని ప్రజా సంబంధాల విభాగంలో ఒకతనూ ఒకావిడా ఒకే ఏడు చేరారు. విభాగం పెద్దాయన పని పంచాడు. అతను మీటింగుల్లో తన పక్కన కూర్చోవాలి. ఆవిడ కలుపుగోలు మనిషి కనుక కార్మికులతో, కాలనీలతో, విలేకరులతో మాట్లాడాలి. ప్రెస్ నోట్లు ఆవిడ రాసేది, కింద సంతకం అతను పెట్టేవాడు. కొన్నేళ్లకు అతను మేనేజరయ్యాడు. ఆవిడ కలుపుగోలు మనిషిగానే ఉండిపోయింది.

2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. చెట్లు కూలాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. కంపెనీ వరకు అది పదకొండో నంబరే. మేనేజరు చక్కటి ప్రకటన సిద్ధం చేసుకున్నాడు గానీ, పంపే దారి లేదు. గాలి తగ్గగానే ఆవిడ గాజువాకలో పాలవాణ్ణి, మల్కాపురంలో ఆటోవాళ్లను, పెదగంట్యాడలో గుడి మైకు పట్టేవాణ్ణి కదిలించింది. మంచినీళ్ల ట్యాంకరు ఏ వీధికొస్తుందో, ఏ షిఫ్టు నడుస్తుందో, ఎవరి మనుషులు క్షేమంగా ఉన్నారో వాళ్ల నోటే ఇంటింటికీ చేరింది. ఆవిడ ఎవరి అనుమతీ అడగలేదు. అడుగుదామన్నా ఎవరూ అందలేదు.

కరెంటొచ్చాక సభ పెట్టారు. విపత్తులో సమాచారాన్ని నడిపించినందుకు మేనేజరుకు శాలువా కప్పి, జనరల్ మేనేజర్ని చేశారు. ఆవిడ ఓపికను మెచ్చుకుని చప్పట్లు కొట్టారు. ఆ సన్మాన పత్రం రాసిందీ ఆవిడే, ఒక్క అక్షరదోషం లేకుండా.

తర్వాత తుపాను ప్రణాళిక రాయించారు. ఆవిడ చిత్తుప్రతిలో పాలవాడు, ఆటోస్టాండు, గుడి మైకు అన్నీ ఉన్నాయి. చిల్లర వివరాలని కొత్త జనరల్ మేనేజరు వాటిని కొట్టేశాడు. ఆవిడ ఆ ఏడే ఉద్యోగం మానేసింది.

కొన్నాళ్లకు ఒక అర్ధరాత్రి గ్యాస్ లీకైందని పుకారు లేచింది. కాలనీలు పిల్లాపాపలతో రోడ్డెక్కాయి. ప్రణాళిక తెరిస్తే అందులో అధికారుల ఫోన్ నంబర్లే ఉన్నాయి. మర్నాడు ఒక కలుపుగోలు అమ్మాయి కావాలని కంపెనీ ప్రకటన ఇచ్చింది. జీతం పాతదే.

నీతి: మాట చేరవేసే పనిని మగవాడి పేరున ఉంటే నేర్పన్నారు, ఆడమనిషి చేస్తే స్వభావమన్నారు. నేర్పుకు పదవులుంటాయి, స్వభావానికి చప్పట్లే. ఆవిడ చేసేది కూడా ఉద్యోగమేనని పదవిచ్చి, జీతం పెంచి ఒప్పుకుని ఉంటే, పుకారు లేచిన రాత్రి కాలనీలకు నిజం చెప్పే మనిషి కంపెనీలోనే ఉండేది.